కోరిన కళాశాల – చేరిన కళాశాల

శామీర్‌పేట

చిరంజీవి మనుమనికి తాత ఆశీర్వదించి వ్రాయునది.

నీవు ఫోనులో పంపిన సందేశమును మీ అమ్మ నాకు చదివి వినిపించినది. కళాశాలలో చేరి నెల కావచ్చినను మనస్సు కుదుటపడలేదనియు, మేడ్చలు రోడ్డునందలి ఆ కళాశాల నీవు కోరినది కాదు గనుక అక్కడ నీకేదియు రుచించుట లేదనియు, నీతోపాటు చదివిన స్నేహితుడు ఇక్కడి బిట్స్ ప్రాంగణమున తాను కోరిన సీటు సంపాదించుకొని హాయిగా నుండగా నీవొక్కడవే వెనుకబడిపోతివనియు వ్రాసితివి. ఆదివారము నీవు మాయింటికి వచ్చినప్పుడు ఈ సంగతులు ఎదురెదురుగా చెప్పవచ్చును గాని, భోజనాలవేళ చెప్పిన మాట విస్తరాకుతోపాటే పోవును. కాగితముపై పెట్టిన మాటయైనచో హాస్టలు గదిలో ఒక్కడవే ఉన్నప్పుడు తీరికగా చదువుకొందువు.

కోరిన కళాశాలలో చేరుటకును కోరనిదానిలో చేరుటకును భేదమే లేదని చెప్పి నిన్ను ఊరడించుట నాకు ఇష్టము లేదు. భేదము కలదు. అయితే అది ఎంత, ఎచ్చట, ఎన్నాళ్లు అన్నదే విచారింపదగిన విషయము. అమెరికాలోని క్లార్క్ విశ్వవిద్యాలయమునకు చెందిన బేకర్, సిరిక్ అను మనశ్శాస్త్రవేత్తలు 1984లో నూతన విద్యార్థి కళాశాలకు అలవాటుపడుటను కొలుచుటకై ఒక ప్రశ్నావళిని ప్రకటించి, ఆ అలవాటును నాలుగు భాగములుగా విడదీసిరి: చదువులో నిలదొక్కుకొనుట, తోటివారితో కలిసిపోవుట, దేహమనస్సుల స్వస్థత, చేరిన సంస్థపై మమకారము. కోరిన సీటు దొరికినవానికి వీనిలో నాల్గవది మొదటిరోజుననే చాలవరకు సిద్ధించియుండును. గేటు దాటి లోపలికి అడుగిడుచుండగనే ‘ఇది నాది’ అను భావము అతనికి కలుగును, చిన్నచిన్న ఇబ్బందులను ఆ భావమే ఓర్పించును. నీకు లేనిది అదియే. కాని తక్కిన మూడును సీటు అలాట్‌మెంటు ఉత్తర్వుతో ఎవరికిని రావు. ఎవరి కష్టముతో వారు సంపాదించుకొనవలసినవే. ఆ మూడును కుదిరినచోట నాల్గవది ఆలస్యముగానైనను తానై వచ్చుటయు, అవి కుదరనిచోట మొదట ఉన్న మమకారము సైతము సెమిస్టరు ముగియకమునుపే అడుగంటుటయు సహజము.

ఇక నీవు ‘నేను కోరినది’ అనుచున్నావే, ఆ కోరిక ఎట్లు పుట్టినదో ఒకమారు జ్ఞప్తికి తెచ్చుకొనుము. వెబ్ ఆప్షన్లు పెట్టిన నాటి రాత్రి నేనును అక్కడనే ఉంటిని. మీ నాయన క్రిందటి సంవత్సరపు చివరి ర్యాంకుల పట్టికను ప్రింటు తీయించి తెచ్చి, కళ్లజోడు నుదుటిపైకి నెట్టుకొని, నీ ర్యాంకుకు పైనున్న వరుసలను పెన్సిలుతో కొట్టివేయుచుండెను; ప్రక్కింటివారి అబ్బాయి ఫోనులో కళాశాలల కోడ్లు చెప్పుచుండెను; మీ అమ్మ బస్సు సౌకర్యమును గురించియు, ఫీజు రీయింబర్స్‌మెంటును గురించియు మాత్రమే అడుగుచుండెను; నీవు చెప్పినది చెప్పినట్లు టైపు చేయుచు, మొదట అన్నిచోట్ల సి.ఎస్.ఇ., పిదప అన్నిచోట్ల దానికి దగ్గరి బ్రాంచీలు పేర్చుకొనుచు పోతివి. నీకు యంత్రములు ఇష్టమా, గణితము ఇష్టమా, తీగలు విప్పి మరల కలుపుట ఇష్టమా అని ఆ గదిలో ఎవ్వరును అడుగలేదు. ఆ పట్టికలో మొదటి వరుసయందున్నది నిన్నటి విద్యార్థుల ర్యాంకులును, ఇరుగుపొరుగు మాటలును, ఇంటి ఆర్థికస్థితియు కలిసి నిర్ణయించిన పేరు. దానిపై నీకు ఆశ కలుగుట తప్పుకాదు. అది తప్పిపోయినంతమాత్రమున నీ జీవితాభీష్టమే భగ్నమైనదని తలచుట మాత్రము తప్పు.

నీవు అసూయపడుచున్న ఈ శామీర్‌పేటనే చూడుము. మీ మేడ్చలు కూడలి దాటినచో ఔటర్ రింగు రోడ్డుపై తరువాత వచ్చు కూడలియే మాది. ఈ కొద్దిపాటి దూరములోనే దేశము నలుమూలలనుండి విద్యార్థులు కోరివచ్చు సంస్థలు వెలసినవి. నల్సార్ న్యాయవిశ్వవిద్యాలయము 1998లో స్థాపింపబడినది, బిట్స్ పిలానీవారి హైదరాబాదు ప్రాంగణము 2008లో తెరువబడినది. నీ కంటికి ఇవి రెండును శిఖరములు. కాని బిట్స్‌లో చేరినవారిలో ఐ.ఐ.టి.కై రాత్రింబవళ్లు శ్రమించి, అది అందక, అర్ధమనస్సుతో పెట్టె దించుకొన్నవారు లేరనుకొంటివా? నల్సార్‌లో చేరినవారిలో బెంగుళూరు న్యాయకళాశాల పేరు తలచుకొని నిట్టూర్చువారు లేరనుకొంటివా? నీవు ఎక్కగోరి ఎక్కలేకపోయిన మెట్టు మరియొకడు దిగివచ్చిన మెట్టు. ఈ వరుసకు పైకొన లేదు. దానిని చూచుకొనుచు కూర్చున్నవానికి ఏ కళాశాలయందును సుఖము లేదు.

కోరినది దొరికినవానికి కూడ ఒక ఆపద కలదు. ఒకే శక్తి గల ఇద్దరిలో సామాన్యుల నడుమ నున్నవాడు తన్ను గురించి గొప్పగాను, మేధావుల నడుమ నున్నవాడు తన్ను గురించి తక్కువగాను తలచుకొనునని హెర్బర్ట్ మార్ష్ అను విద్యామనశ్శాస్త్రవేత్త 1980ల దశాబ్దమున నిరూపించెను. జిల్లాకు మొదటివాడుగా వచ్చినవాడు, గదినిండ జిల్లాలకు మొదటివారే కూర్చున్నచోట, మొట్టమొదటిసారి నలుబదవవాడగును. ఆ దెబ్బ అతడు ముందెన్నడును తిని యెరుగడు. దానికితోడు మన పిల్లలు రెండేండ్లు ఇంటర్మీడియెటును రెసిడెన్షియల్ కళాశాలలలో, తెల్లవారుజామున గంట మ్రోగగనే లేచి, వార్డెను కనుసన్నలలో చదివి వత్తురు. అట్టివాడు హాజరుకు పట్టుబట్టని బిట్స్ వంటిచోట హఠాత్తుగా స్వతంత్రుడగును. ఏ వేళ లేవవలెనో చెప్పువాడుండడు. నీ కళాశాలలో జె.ఎన్.టి.యు. నియమము ప్రకారము నూటికి డెబ్బదియైదు వంతుల హాజరు కావలెను, అరువదియైదుకంటె తగ్గినచో కండొనేషన్ అను సడలింపు కూడ దొరకదు. నీకు సంకెలగా తోచుచున్న ఆ నియమము నీ స్నేహితుడు తనకు తానే విధించుకొనవలసినది. అతడు ఫోనులో పంపు ఫోటోలు చూచి అతడు సుఖముగా నున్నాడని నిశ్చయించుకొనకుము. పరీక్షకు ముందటి రాత్రి ఎవరును ఫోటో తీసికొనరు.

మన చెరువు క్రింద వరినాట్లు నీవు చిన్నప్పుడు చూచితివి. నారు పెరికి కట్టలుగట్టి మడిలో నాటిన పిమ్మట కొన్ని దినములు అది పసుపువారి తలవాల్చును. సారవంతమైన నేలలో నాటినను, చౌడునేలలో నాటినను ఆ తొలిదినముల వాడుదల తప్పదు. అది నేలదోషము కాదు, వేరు కదలుటవలన కలిగిన బాధ. ఇల్లు, అమ్మ వంట, పాత స్నేహములు, తెలుగులో పాఠము చెప్పిన ఉపాధ్యాయులు, ఇవన్నియు ఒక్కపెట్టున దూరమైనందున నీకు కలుగుచున్న వేదనలో సింహభాగము ఇట్టిదే. నీవు దానినంతటిని కళాశాల పేరుపై వేయుచున్నావు. అదియే పొరపాటు.

ఇక ముఖ్యమైన సంగతి. హార్వర్డ్ విశ్వవిద్యాలయములో గిల్బర్ట్, ఎబర్ట్ అను పరిశోధకులు విద్యార్థులకు ఛాయాచిత్రములు తీయుట నేర్పి, తాము తీసినవానిలో మంచివి రెండు అచ్చువేయించి, ఒకటి ఉంచుకొని రెండవది ఇచ్చివేయుమనిరి. కొందరికి కొన్నాళ్లలో మనస్సు మారినచో మార్చుకొనవచ్చునని చెప్పిరి. కొందరికి మార్పు లేదని చెప్పిరి. మార్చుకొను వీలు లేనివారే తమ చిత్రమును ఎక్కువగా ఇష్టపడిరని 2002లో ప్రకటించిరి. మన కౌన్సెలింగు విడతలన్నియు ఆ మొదటి తెగవారి స్థితినే మన పిల్లలకు కల్పించుచున్నవి. మొదటి విడత, రెండవ విడత, ఆఖరి విడత, స్పెషల్ రౌండు, అవి ముగిసిన తరువాత లాంగ్ టర్మ్ కోచింగు ఆలోచన. శరీరము తరగతిలోను, మనస్సు వెబ్‌సైటులోను. నీవు ఇప్పటికిని రాత్రులు ఇతర కళాశాలల చివరి ర్యాంకులు చూచుచున్నావని మీ అమ్మ చెప్పినది. ఒక సంవత్సరము ఆగి మరల పరీక్ష వ్రాయుదువా, నిజముగా వ్రాయుదువా, ఈ వారమే చెప్పుము, నేను మీ నాయనతో మాటలాడెదను. వ్రాయనిచో ఆ పట్టికను నేటితో మూసివేయుము. రెండు పడవలపై కాళ్లు పెట్టుట మాత్రము కూడదు.

కోరిన చదువు చేజారినవారు మనదేశమున నీకు ముందును ఉండిరి. 1938లో ఉస్మానియా వసతిగృహములలో వందేమాతరము పాడినందుకు నిజాము ప్రభుత్వపు విద్యాధికారులు విద్యార్థులను బహిష్కరింపగా, వారిలో అనేకులకు నాగపూరు విశ్వవిద్యాలయము ప్రవేశమిచ్చినది. వరంగల్లులో చదువుచు ఆ ఉద్యమమున పాల్గొన్న పి.వి. నరసింహారావుగారును నాగపూరు పోయి చదివినవారే. ఊరు కానిఊరు, ఉర్దూ మాధ్యమమున చదివినవారికి ఆంగ్లములో పాఠములు. నాగపూరు వారిలో ఎవరి పట్టికలోను మొదటి పేరు కాదు. అయినను అక్కడ చదివిన చదువు వారిలో ఒకరిని 1991లో ఈ దేశప్రధాని పదవికి పోకుండ ఆపలేదు.

ఇప్పుడు చేయవలసిన పనులు చెప్పుచున్నాను. విన్సెంట్ టింటో అను సమాజశాస్త్రవేత్త 1975లో, విద్యార్థి కళాశాలను విడుచుటకు గాని నిలుచుటకు గాని చదువుతోను తోటివారితోను అతనికేర్పడిన అనుబంధమే ప్రధానకారణమని ప్రతిపాదించెను. ఆ రెండును తరగతిలో మూడవ బెంచీలోపల కూర్చున్నవానికే త్వరగా కుదురును; వెనుక బెంచీ స్నేహములు త్వరగా దొరకును గాని చదువును దూరము చేయును. ఆంగ్లములో చెప్పిన పాఠము అర్థము కానిచో సిగ్గుపడక ఒక్క ఉపాధ్యాయుని నాశ్రయింపుము, పదిమందిని కాదు. గణితము మొదటి మిడ్ పరీక్షకు ముందే పట్టుకొనుము. మొదటి సెమిస్టరులో నిలిచిన బ్యాక్‌లాగు రెండవ సంవత్సరము దాక మెడకు వ్రేలాడును. ల్యాబు రికార్డు ఇతరులది చూచి వ్రాయకుము. అఖిల భారత సాంకేతిక విద్యామండలివారు మొదటి సంవత్సరమువారికి నిర్దేశించిన మూడువారముల ఇండక్షన్ కార్యక్రమమును కాలక్షేపమనుకొని నీవు ఎగవేసితివట. అది కొత్తవారు ఒకరినొకరు ఎరుగుటకై ఏర్పరచినది. పోయినది పోనిమ్ము, ఎన్.ఎస్.ఎస్.లోనైనను చేరుము. ప్రతి శనివారము బస్సెక్కి ఇంటికి పరుగెత్తకుము. నెలకు రెండు ఆదివారములు హాస్టలులోనే ఉండుము. మాయింటి పులిహోర ఎక్కడికిని పోదు.

ఒక్క మినహాయింపు. ఎవరైనను ర్యాగింగు పేరిట నిన్ను బాధించినచో, లేక నిద్రాహారములు తప్పి దినములు గడచుచున్నచో, దానిని సర్దుకొనవలసిన కష్టముగా భావింపవద్దు. ర్యాగింగును నిషేధించుచు యు.జి.సి. 2009లో చేసిన నిబంధనలు ప్రతి కళాశాలకును వర్తించును. వెంటనే అధ్యాపకులకును, నాకును చెప్పుము. సహనము సద్గుణమే గాని, అన్యాయమును సహించుటకు ఆ పేరు చెల్లదు.

మొదటి సెమిస్టరు ఫలితములు వచ్చునంతవరకు కళాశాల మంచిదా చెడ్డదా అను తీర్పును వాయిదా వేయుము. అంతవరకు నీ హాజరు, నీ చదువు, నీవు సంపాదించిన ఇద్దరు స్నేహితులు, ఈ మూడింటిని గురించియే నాకు వ్రాయుచుండుము. ఆ ఫలితములు చేతపట్టుకొని వచ్చి అప్పుడును ఆ చోటు నీకు తగదని కారణములు చూపి చెప్పగలిగితివేని, మీ నాయన కాదన్నను నేను నీ పక్షమున నిలిచెదను. పని చేయకముందు చెప్పిన ఫిర్యాదును మాత్రము నేను వినను.

ఇట్లు,
నీ శ్రేయస్సు కోరు
తాత