గురక వస్తే గాఢనిద్ర అనుకోకండి

ప్రశ్న: మావారు సైన్యంలో హవల్దారుగా చేసి రిటైరై పదకొండేళ్లయింది. అప్పుడు 68 కిలోలు, ఇప్పుడు 97. గురక మధ్యలో ఊపిరి ఆగిపోతుంటే నేనే తట్టి లేపుతాను. స్లీప్ ఆప్నియా అని, నిద్రలో మాస్కుతో గాలి పంపే సీప్యాప్ మెషిన్ ఇచ్చి, బరువు తగ్గమన్నారు. పాలీక్లినిక్‌కి వెళ్లిరావాలంటే రోజంతా పోతుంది. ఫోన్‌లో సలహాలు తీసుకుంటే తగ్గుతారా?
– ఒక సోదరి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: తగ్గుతారమ్మా. అయితే సలహాలతో కాదు, హాజరుతో. ఏం తినాలో మీవారికి తెలియక కాదు. సర్వీసులో తెల్లవారుజామున పి.టి., సాయంత్రం ఆటలు ఉండేవి. ఆ ఒళ్లు అడిగినంత తినేవారు. పెన్షన్ మొదలయ్యాక పరుగు ఆగింది, కంచంలో అన్నం మాత్రం తగ్గలేదు. పేరు పిలిచి హాజరు తీసుకునేవాళ్లూ లేకుండా పోయారు. ఫోన్ చేయవలసిన పని అదే.

ప్రతి ఆదివారం పరగడుపున తూకం చూసుకుని, ఆ అంకెను ఒకే మనిషికి, ఒకే వేళకు చెప్పాలి. ఆ మనిషి డైటీషియన్ అయితే మేలు, పాత యూనిట్ మిత్రుడైనా సరే. పెరిగిన వారం తప్పకుండా చెప్పాలి; మొహమాటపడి ఆ ఒక్క వారం ఎగ్గొట్టినవాళ్లే మళ్లీ ఫోన్ ఎత్తరు. డాక్టరు కోసం 2021లో రక్షణ శాఖ మొదలుపెట్టిన సెహత్ ఓపీడీ ఉంది. మాజీ సైనికులను, వారి కుటుంబాలను ఇంటి నుంచే వీడియోలో ఉచితంగా చూస్తారు. ప్రతిసారీ అదే డాక్టరు రాకపోవచ్చు, అందుకని తూకం, బీపీ, షుగర్ రాసిన నోట్‌బుక్ దగ్గరుంచుకోండి. షుగర్ మాత్రలు వాడుతుంటే, తిండి తగ్గించక ముందే డాక్టరుకు చెప్పండి.

మెడలో, నాలుకలో పేరుకున్న కొవ్వు గొంతు దారిని ఇరుకు చేస్తుంది. బరువులో పదోవంతు తగ్గితే ఊపిరి ఆగడం సుమారు పావు వంతు తగ్గుతుంది. మీవారికి అది పది కిలోలు. అంతమాత్రాన మెషిన్‌ను అటకెక్కించకండి. మళ్లీ నిద్ర పరీక్ష చేయించాకే ఆ మాట. నడిరాత్రి మాస్కు తీసేస్తున్నారేమో కూడా చూడండి. కలలొచ్చే నిద్ర తెల్లవారుజామున ఎక్కువ, చాలామందికి ఊపిరి మరీ ఎక్కువగా ఆగేదీ ఆ నిద్రలోనే. ఎన్ని గంటలు పెట్టుకున్నారో మెషిన్‌లో నమోదవుతుంది, వీడియోలో డాక్టరుకు చూపించండి.

మీరు రాయలేదు గానీ అడుగుతున్నాను. క్యాంటీన్ నుంచి తెచ్చిన రమ్ము రాత్రిపూట ఉందా? ఉంటే ముందు అది మానాలి. మందు గొంతు కండరాలను సడలిస్తుంది, ఊపిరి ఇంకా ఎక్కువ సేపు ఆగుతుంది. ఇన్నేళ్లుగా ఆ మంచం పక్కన కాపలా కాస్తున్నది మీరు. మీ నిద్ర ఎంత పోయిందో కూడా ఆయనకు చెప్పండి.

ప్రశ్న: సీప్యాప్ పెట్టుకుంటే బరువు దానంతటదే తగ్గుతుందా?

జవాబు: తగ్గదు. కొందరికి కాస్త పెరుగుతుంది కూడా.

ప్రశ్న: మా అల్లుడు అమెరికా సైన్యంలో చేసి ఇప్పుడు టెక్సాస్‌లో ఉంటున్నాడు. ఇదే జబ్బు. అక్కడ ఇంజెక్షన్ ఉందట, నిజమేనా?
– ఖమ్మం

జవాబు: నిజమే. ఊబకాయంతో పాటు ఓ మోస్తరు నుంచి తీవ్రమైన ఆప్నియా ఉన్న పెద్దలకు టిర్జెపటైడ్‌ను 2024 డిసెంబరులో అక్కడ అనుమతించారు. అది కూడా తిండి అదుపు, వ్యాయామంతో కలిపే. మాజీ సైనికుల కోసం అక్కడి ప్రభుత్వ వైద్య శాఖ ‘మూవ్’ అనే బరువు తగ్గించే కార్యక్రమం నడుపుతోంది. ఫోన్‌లో, వీడియోలో కూడా చేరవచ్చు. ముందు అందులో పేరు రాయించుకోమనండి.

ప్రశ్న: నేను మాజీ సైనికుణ్ణి, బ్యాంకులో నైట్ గార్డును. తెల్లారి డ్యూటీ దిగి బండి మీద ఇంటికెళ్తుంటే కళ్లు మూతలు పడుతున్నాయి. పగలు పడుకునేటప్పుడు కూడా మాస్కు కావాలా?

జవాబు: కావాలి. ఎప్పుడు నిద్రపోతే అప్పుడు, మధ్యాహ్నం కునుకైనా సరే. తెల్లారి డ్యూటీ దిగి ఇంటికెళ్తూ కళ్లు మూతలు పడుతున్నాయని రాశారు. వైద్యం కుదిరి ఆ మత్తు వదిలేదాకా బండి తాళం ఇంట్లో ఇచ్చేసి బస్సెక్కండి.