పిండి సంచులు – వాటిలో కలిపే సుద్ద, మన్ను

శ్రీకూర్మం వంటి యాత్రాస్థలాలలో ఉత్సవం ముగిశాక వీధుల్లో మిగిలిన ప్లాస్టిక్ సంచులు పశువుల నోటికి చేరటం సభ్యులకు తెలిసిన సంగతే. తిండి వాసనకు మింగిన సంచి పెద్ద పొట్టలో పేరుకుపోతుంది. మేత తగ్గి, పాలు తగ్గి, చివరకు ప్రాణం మీదికి వస్తుంది. అందుచేత మట్టిలో కలిసే పిండి సంచులు కొనదలచిన సంఘాలు వాటి గుణం ముందుగా తెలుసుకోవటం మంచిదని భావిస్తున్నాము.

మొక్కజొన్న లేక కర్రపెండలం పిండిని నీరు, గ్లిజరిన్ చేర్చి వేడిమీద కలిపితే సాగే పదార్థం తయారవుతుంది. గ్లిజరిన్ లేకపోతే అది ఎండిన వడియంలా పుటుక్కున విరుగుతుంది. అసలు లోపం తడికి ఆగకపోవటం. మన సముద్రతీరపు వానాకాలం గాలికే మెత్తబడుతుంది. కనుకనే బజారు సంచులలో పిండితోపాటు మట్టిలో కుళ్లే వేరొక ప్లాస్టిక్‌ను కూడా కలుపుతారు.

ఖనిజపు పొడులు కలిపేది బిగువుకోసం, ఖరీదు తగ్గటంకోసం. సుద్దపొడి, బలపపు రాయి పొడి, చీనామట్టి, బెంటొనైట్ బంకమన్ను ఇందుకు వాడతారు. అన్నీ ఒకే విధంగా పనిచేయవు. సుద్ద రేణువు గింజవంటిది. బంకమన్ను అతి పలుచని రేకులుగా విడిపోతుంది. ఇంటికప్పు మీది పెంకులవలె ఆ రేకులు పరుచుకుంటే తేమ సూటిగా దూరలేక చుట్టుతిరిగి పోవాలి. అందువల్ల నూటికి 2 నుంచి 5 పాళ్ల మన్ను బాగా కలిస్తే చాలు, గుణం కనిపిస్తుంది. ఏ పొడి అయినా మితిమీరితే ఉండకట్టి, అక్కడే చిరుగు పుడుతుంది. సాగే గుణమూ పోతుంది. పుల్లని పెరుగు తగిలితే సుద్ద కరుగుతుంది కూడా. పాల ప్యాకెట్టుకు బదులుగా ఈ సంచులను తలచవద్దు.

2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లకంటె పలుచని ప్లాస్టిక్ చేతిసంచులు నిషేధం. కంపోస్టు అయ్యే సంచులకు ఈ మందం నియమం లేదు. మోసానికి దారి ఇక్కడే. పాలిథీన్‌లో సుద్ద, కాస్త పిండి కలిపి ఇచ్చినా మనం కంటితో పోల్చలేము. పాలలో పిండి కల్తీని పట్టే అయోడిన్ చుక్కను వేడినీటిలో నానిన ముక్కపై వేస్తే నీలం రంగు రావచ్చు. అది పిండి ఉన్నదని మాత్రమే చెబుతుంది, పాలిథీన్ లేదని చెప్పదు. కావున సంచిపై ఐ.ఎస్. 17088 గుర్తును, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ధ్రువపత్రం సంఖ్యను చూచి, పత్రం నకలు తీసుకున్న తరువాతనే సొమ్ము చెల్లించాలి.

ధ్రువపత్రమున్న సంచినైనా వీధిలో వేయరాదు. కంపోస్టు పరీక్ష జరిపేది 58 డిగ్రీల వేడిమిలో. పశువు పొట్టలో ఉండేది 39 డిగ్రీల ప్రాంతమే.