కుక్కకు రొమ్ము గడ్డ: ఈ వయసులో ఆపరేషనా?

ప్రశ్న: మా ఆడ పామరేనియన్‌కు 9 ఏళ్లు. ఒక్కసారీ ఈనలేదు, గర్భసంచి తీయించలేదు. వెనక చన్ను పక్కన చిన్న గడ్డ కనిపించి ఆరు నెలలైంది. ఇప్పుడు నిమ్మకాయంత అయింది. నొప్పి లేదు, తిండి బాగానే తింటోంది. ఈ వయసులో కోత ఎందుకని ఇంట్లోవాళ్లు అంటున్నారు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: చేయించండమ్మా, ఇంకా ఆగొద్దు. నొప్పి లేదని ధైర్యపడకండి, ఇవి ముదిరేదాకా చాలావరకు నొప్పి పెట్టవు. కుక్కల్లో ఇలాంటి గడ్డల్లో దాదాపు సగం క్యాన్సర్ కాదు. మీ కుక్కది ఏ సగంలో ఉందో మాత్రం చేత్తో తడిమి ఎవరూ చెప్పలేరు. గడ్డ 3 సెంటీమీటర్లు దాటకముందే తీసేస్తే ఫలితం బాగుంటుంది.

ముందు ఛాతీ ఎక్స్‌రే తీయించండి. ఈ క్యాన్సర్ ఎక్కువగా పాకేది ఊపిరితిత్తులకే. మత్తు తట్టుకుంటుందో లేదో రక్తపరీక్షల్లో తెలుస్తుంది. వయసు కంటే గుండె, కిడ్నీల పరిస్థితి ముఖ్యం. డాక్టరు ఆ ఒక్క గడ్డనే కాదు, పది చన్నులనూ, గజ్జల్లో చంకల్లో బిళ్లలనూ తడిమి చూడాలి. సూదితో తీసే పరీక్ష కొవ్వుగడ్డో చీముగడ్డో తేల్చడానికి పనికొస్తుంది గానీ, క్యాన్సర్ కాదని దాన్నిబట్టి నిశ్చింతగా ఉండలేం.

అందుకే ఒక్కమాట గట్టిగా చెబుతున్నాను: తీసిన గడ్డను పారేయనివ్వకండి. మొత్తం ఫార్మలిన్‌లో వేయించి బయాప్సీకి పంపించండి. గడ్డ రకమేమిటి, అంచుల్లో ఏమైనా మిగిలిందా అన్నది అందులోనే తెలుస్తుంది. ఖర్చు తగ్గించుకోవాలంటే ఇంకెక్కడైనా తగ్గించుకోండి. ఎంత మేర కోయాలన్నది గడ్డల సైజును, సంఖ్యను బట్టి ఉంటుంది. అదే మత్తులో గర్భసంచి కూడా తీయిస్తే అందులో చీము పట్టే ముప్పు తప్పుతుంది.

చనుకట్టంతా ఎర్రగా కందిపోయి, వేడెక్కి, తాకితే మూలిగేలా ఉంటే మాత్రం కత్తి పెట్టకూడదు. ఆ రకం క్యాన్సర్‌కు ఆపరేషన్ మేలు చేయదు.

ప్రశ్న: పిల్లికీ ఇదే పద్ధతా?
- ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: పిల్లి విషయంలో ఇంకా తొందరపడాలి. వాటిలో పదింట ఎనిమిది, తొమ్మిది గడ్డలు క్యాన్సరే. 2 సెంటీమీటర్ల లోపే పట్టుకోవాలి. గడ్డ ఒక్కటే ఉన్నా ఆ పక్క చన్నుల వరస మొత్తం తీసేస్తాం. అవసరమైతే కొన్ని వారాల తర్వాత రెండో పక్క. ఎద ఆపడానికి హార్మోన్ ఇంజెక్షన్లు వేయిస్తుంటే వెంటనే మానేయండి, అవి ఈ ముప్పును పెంచుతాయి. ఇంట్లో ఆడ పిల్లికూన ఉంటే 6 నెలల లోపు గర్భసంచి తీయించండి, ముప్పు 90 శాతం దాకా తగ్గుతుంది.