నలుగురిలో నోరు పెగలదు.. పరిచయాలెలా?

ప్రశ్న: హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఉద్యోగం మారాలి. అందరూ పరిచయాలు పెంచుకోమంటున్నారు. మీటప్‌కి వెళితే కాఫీ కప్పు పట్టుకుని ఓ మూల నిలబడి వచ్చేస్తున్నా. ఏం చేయను?
- ఓ సోదరి, మియాపూర్

జవాబు: మీ స్వభావం మార్చుకోనక్కర్లేదు. అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లోనే ఒక సంగతి చూపించారు. తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవారిలో ఎక్కువమందికి ఆ కబురు చెప్పింది ప్రాణస్నేహితులు కాదు, ఎప్పుడో ఒకసారి కలిసేవాళ్లు. దగ్గరివాళ్లకు తెలిసింది మనకూ తెలిసే ఉంటుంది కదా! అలాంటి దూరపు పరిచయాలు మీకూ ఉన్నాయి. పాత టీమ్ లీడ్, కాలేజీ సీనియర్, కంపెనీ మారిన సహోద్యోగి.. వీళ్లతోనే మొదలుపెట్టండి.

లింక్డ్‌ఇన్‌లో ఉత్త ‘హాయ్’ పంపితే జవాబు రావడం కష్టం. ఇలా రాసి చూడండి: “అన్నా, మీరు ఆటోమేషన్ టెస్టింగ్‌కి మారారని చూశాను. నేను సెలీనియం టూల్ నేర్చుకుంటున్నా. సాధన కోసం మొదట ఎలాంటి ప్రాజెక్టు చేయమంటారు? వీలున్నప్పుడు చెప్పండి.” ఇందులో ఉద్యోగం అడగలేదు, రెజ్యూమే జతచేయలేదు. అవతలివారికి జవాబు చెప్పడం తేలిక. వాళ్ల సలహా పాటించాక ఏమైందో తప్పకుండా తెలియజేయండి. చాలామంది ఇది మరచిపోతారు, పరిచయం నిలిచేది మాత్రం దీనితోనే.

మీటప్‌కి వెళ్తే కాస్త ముందే వెళ్లండి, జనం పలచగా ఉంటారు. ఒక్కరితో మాట్లాడి వచ్చేసినా తప్పేం లేదు.

ఈ ఆదివారం ఒక్కరికి రాయండి. ఏమన్నారో మాకూ చెప్పండి.