పాస్‌బుక్కు పట్టుకుని రండి
(సందేహాలు – సమాధానాలు)

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా జూదం గురించే. తమిళనాడులోని సామల్పట్టి, ఊత్తంగరై, బర్గూరు, హోసూరు వైపుల నుంచి రాశారు. పేర్లు తీసేసి ఐదింటికి జవాబులిస్తున్నాను.

ప్రశ్న: మాది సామల్పట్టి. మావారు ఫోనులో రమ్మీ ఆడి నాలుగు లక్షలు పోగొట్టారు. ఆ యాప్ మూతపడ్డాక ఎవరో వాట్సాప్‌లో పంపిన లింకులో ఆడుతున్నారు. మా వీధిలోనే ఒకాయన పేకాటకు చేను తాకట్టు పెట్టి, డాక్టరుకు చూపించుకుని ఆర్నెల్లలో మానేశాడు. అదే డాక్టరు దగ్గరికి మావారిని నాలుగుసార్లు తీసుకెళ్ళాను. మార్పు లేదు. ఆయనకు పనిచేసిన వైద్యం మావారికి ఎందుకు పనిచేయదు? మానాలన్న మనసే లేదా?

జవాబు: అమ్మా, మనసు లేక కాదు. ఇద్దరి జబ్బుకూ పేరు ఒకటే గాని, పుట్టిన చోటు వేరు.

నా దగ్గరికి చికిత్సకు వచ్చేవాళ్ళను మొదటిరోజే ఒకటి అడుగుతాను: ఆర్నెల్ల బ్యాంకు లెక్క పట్టుకుని రండి అని. డబ్బు ఎంత పోయిందో చూడటానికి కాదు, ఎప్పుడు పోయిందో చూడటానికి. ఒకరోజు ఇద్దరి లెక్కలు నా బల్ల మీద పక్కపక్కనే ఉన్నాయి. ఒకాయనది మామిడి తోట. మే, జూన్ నెలల్లో కాపు డబ్బు పడటం ఆలస్యం, పదివేలు, ఇరవైవేలు చొప్పున తీసేశారు. తక్కిన నెలల్లో పాల డబ్బు, కరెంటు బిల్లు తప్ప ఏమీ లేదు. రెండో అబ్బాయిది చూడండి: రాత్రి 1.52కి ఐదు వందలు, 1.58కి ఐదు వందలు, 2.03కి వెయ్యి, 2.11కి రెండు వేలు. తెల్లవారుజామున నాలుగింటిదాకా అదే వరుస, వారంలో ఐదు రాత్రులు.

తోట ఆయనకు ఆటంటే నలుగురు స్నేహితులు, చెట్టు కింద చాప, మూడుముక్కలాట. ఎప్పుడో ఒకసారి పెద్ద మొత్తం గెలిచారు, ఆ రుచి వదల్లేదు. కాపు డబ్బు నేరుగా ఇల్లాలి ఖాతాలో పడేలా చేశాం. ‘పోయినచోటే రాబట్టుకోవాలి’ అన్న ఆలోచనను పట్టుకుని వారాల తరబడి మాట్లాడాం. దారికొచ్చారు. ఆ అబ్బాయి సంగతి అది కాదు. తండ్రి పోయిన నెలలో మొదలుపెట్టాడు. నిద్రపట్టక ఫోను తీశాడు, ఆడుతున్నంతసేపూ నాన్న గుర్తుకు రాడు. అతనికి ముందు నిద్ర రావాలి, దిగులు తగ్గాలి. దిగులును అలాగే ఉంచి ‘ఆట మానెయ్’ అంటే, పట్టుకున్న ఒక్క కొమ్మా నరికేసినట్టే.

ఈ తేడాను 2002లో ఆస్ట్రేలియాకు చెందిన అలెక్స్ బ్లాస్జిన్‌స్కీ, అమెరికాకు చెందిన లియా నోవర్ ఒక పద్ధతిలో పెట్టి రాశారు. అలవాటు కొద్దీ, గెలుపు రుచి కొద్దీ కూరుకుపోయినవాళ్ళు కొందరు. ముందునుంచే దిగులో భయమో ఉండి, దాన్నుంచి పారిపోవడానికి ఆడేవాళ్ళు కొందరు. ఇంకొందరికి చిన్నప్పటి నుంచే నిలకడ ఉండదు. బడిలో కుదురుండదు, తాగుడు, తగువులు, బండి వేగం, వాటితోపాటు జూదం. ఈ చివరివాళ్ళు మూడో వారానికే రావడం మానేస్తారు. వాళ్ళకు చికిత్స చిన్నచిన్న ముక్కలుగా ఇవ్వాలి, రాకపోతే మనమే ఫోను చేసి పిలవాలి. నిజానికి ఒక్క మనిషిలోనే రెండు మూడు రకాలు కలిసి ఉండటం నేను రోజూ చూస్తున్నాను.

మన భారతంలో ధర్మరాజూ జూదంలోనే రాజ్యం పోగొట్టుకున్నాడు, నలుడూ జూదంలోనే పోగొట్టుకున్నాడు. పిలిచినవాడికి కాదనకూడదని ధర్మరాజు కూర్చున్నాడు. నలుణ్ణి కలి ఆవహించింది. ఆ తేడా చెప్పకుండా కథ చెప్పినవాళ్ళు లేరు. మనమే మనుషులందరినీ ‘జూదగాడు’ అన్న ఒక్క మాటలో కట్టేస్తున్నాం.

ఇక ఫోను. చాప మీద ఆటకు జనం కూడాలి, ముక్కలు పంచాలి, ఎవరో ఒకరు ఇంటికి వెళ్ళాలని లేస్తారు. ఫోనులో ఎవరూ లేవరు. ‘ఒక్క ముక్కలో పోయిందే’ అనుకునేలోపే మరో ఆట సిద్ధంగా ఉంటుంది. ఒక్క ముక్కలో పోవడం అంటే ఓడిపోవడమే, కానీ మెదడు దాన్ని గెలుపుకు దగ్గరగా లెక్కేసుకుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అమలుకు తెచ్చిన జబ్బుల పట్టికలో కూడా ఎక్కువగా ఆన్‌లైన్‌లో ఆడేవాళ్ళను, బయట ఆడేవాళ్ళను విడివిడిగా రాసుకోమంది.

ఈసారి వెళ్ళినప్పుడు డాక్టరుకు మీరు చెప్పాల్సినవి ఉన్నాయి: ఆట ఏ ఏడాది మొదలైంది, ఆ ఏడాది ఇంట్లో ఏం జరిగింది, నిద్ర ఎలా ఉంది, తాగుడు ఉందా, ఆయన నాన్నగారికి ఉండేదా, ఇంకే మందులు వాడుతున్నారు. ఇంకొకటి. మన వైపు తెలుగు ఇళ్ళలో మగవాళ్ళు అప్పుల లెక్క తమిళంలో చెప్తారు. అమ్మ మాట వచ్చేసరికి తెలుగులోకి దిగుతారు, కళ్ళనీళ్ళు కూడా అప్పుడే వస్తాయి. తెలుగులో మాట్లాడే కౌన్సెలర్ కావాలని అడగండి. అది గొంతెమ్మ కోరికేమీ కాదు.

అప్పు మీద పడినవాళ్ళలో చావు ఆలోచన రావడం ఎక్కువ. ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని ఆయన్ను సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే ఒంటరిగా వదలకండి, పురుగుమందు డబ్బా ఇంట్లో ఉంచకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. రాత్రయినా పగలయినా 14416కి ఫోను చేయొచ్చు. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ అది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనూ మాట్లాడతారు.

ప్రశ్న: నాకు 46 ఏళ్ళు. పిల్లలకు బెంగళూరులో ఉద్యోగాలు. పిల్లలు వెళ్ళాక ఇల్లు తినేసేట్టుంది. రెండేళ్ళుగా ఫోనులో ఆడుతున్నాను. సంఘంలో తీసుకున్న లోను పోయింది, గొలుసు తాకట్టులో ఉంది. ఆయనకు తెలీదు. ఈ జబ్బు ఆడవాళ్ళకూ వస్తుందా? ఆసుపత్రికి వెళ్తే ఆయనకు చెప్పేస్తారా?

జవాబు: వస్తుందమ్మా. మీరు ఒక్కరే కాదు, మీలాంటి వాళ్ళు ఆసుపత్రిదాకా రావడం లేదంతే. ఆడవాళ్ళు చాలామంది మగవాళ్ళకంటే పెద్ద వయసులో మొదలుపెడతారు, కానీ మొదలుపెట్టిన కొద్దికాలానికే లోతుకు వెళ్ళిపోతారు. ఇది చాలా దేశాల వైద్యులు గమనించిన సంగతి. మీరు రాసిన దాంట్లో నాకు గట్టిగా తగిలింది పోయిన డబ్బు కాదు, ‘పిల్లలు వెళ్ళాక ఇల్లు తినేసేట్టుంది’ అన్న వాక్యం. మీ బ్యాంకు లెక్క చూస్తే అన్నీ పగలు పదకొండుకూ మూడుకూ మధ్యే ఉంటాయని అనుకుంటున్నాను. చికిత్సలో ఆ నాలుగు గంటల సంగతి మాట్లాడాలి.

మీ అనుమతి లేకుండా మీ జబ్బు సంగతి ఇతరులకు చెప్పే హక్కు డాక్టరుకు లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆ గోప్యతను మీకు హక్కుగా ఇచ్చింది. ప్రాణానికి ముప్పున్న పరిస్థితి లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. వరండా నిండా మగవాళ్ళుంటే కూర్చోలేనని చెప్పండి, వేరే సమయం అడగండి. ఆయనకు ఎప్పుడు చెప్పాలో మీరూ కౌన్సెలరూ కలిసి నిర్ణయించుకోవచ్చు. అప్పటిదాకా అక్కో చెల్లెలో, ఒక్కరికైనా చెప్పుకోండి. గొలుసు విడిపించడానికని మళ్ళీ ఆడొద్దు.

ప్రశ్న: మా నాన్నకు 68. జీవితంలో పేకముక్క ముట్టుకోలేదు. వణుకుడు జబ్బుకు మందులు మొదలైన ఏడాదికి లాటరీ టికెట్ల పిచ్చి పట్టింది. కేరళ వెళ్ళేవాళ్ళకు డబ్బిచ్చి కట్టలు తెప్పించుకుంటున్నారు. వయసు మళ్ళాక బుద్ధి పాడవడమంటే ఇదేనా?

జవాబు: ఆయన బుద్ధిని అనకండి. మందుల చీటీ చూడండి. ప్రమిపెక్సోల్, రోపినిరోల్ అనే పేర్లు ఉన్నాయేమో. వణుకుడు జబ్బుకు, అంటే పార్కిన్సన్స్‌కు, ఇచ్చే ఈ రకం మందులు కొంతమందిలో జూదం, అతిగా కొనడం, అతిగా తినడం లాంటి కోరికలను రేపుతాయి. 2010లో అమెరికా, కెనడాల్లో 3,090 మంది పార్కిన్సన్స్ రోగులను పరిశీలిస్తే నూటికి ఐదుగురిలో జూదం సమస్య కనిపించింది. మందు ఇచ్చిన న్యూరాలజిస్టుకు ఈ వారమే చెప్పండి. మోతాదు తగ్గిస్తారు, లేదా మందు మారుస్తారు. చాలామందిలో ఆ పిచ్చి దానితోనే తగ్గిపోతుంది. మీ అంతట మీరు మాత్రం ఆపేయకండి, ఒక్కసారిగా ఆపితే వేరే ప్రమాదాలున్నాయి.

ప్రశ్న: మా అబ్బాయికి 24. హోసూరులో ఫ్యాక్టరీ ఉద్యోగం. ఐపీఎల్ పందేల్లో ఆరు లక్షలు అప్పు చేశాడు, రెండుసార్లు మేమే తీర్చాం. ‘నాకేం జబ్బు లేదు’ అంటాడు. అన్నంలో కలిపి పెట్టే మాత్ర ఏదైనా ఉందా? బలవంతంగా చేర్పించవచ్చా?

జవాబు: అన్నంలో కలపొద్దు. తెలియకుండా మందు పెట్టడం తప్పు, ప్రమాదం కూడా. నాల్ట్రెక్సోన్ అనే మందు కొందరిలో ఆట మీది యావను తగ్గిస్తుంది. ఇంట్లో మద్యం అలవాటు వంశపారంపర్యంగా ఉన్నవాళ్ళకు అది ఎక్కువ మేలు చేసినట్టు పరిశోధనల్లో కనిపించింది. కానీ కాలేయం పరీక్ష చేశాక, మనిషి ఒప్పుకున్నాకే ఇస్తారు.

తన మంచిచెడ్డలు తాను నిర్ణయించుకోగల పెద్దవాణ్ణి అతని ఒప్పుదల లేకుండా చేర్చుకోవడానికి చట్టం ఒప్పుకోదు. ప్రాణం మీదికి వచ్చినప్పటి నియమాలు వేరు. ఎవరో ఈడ్చుకొచ్చినవాళ్ళు, సొంతంగా వచ్చినవాళ్ళు ఒకే బెంచీ మీద కూర్చుంటారు గాని, వాళ్ళతో మాట మొదలుపెట్టే తీరు ఒకటి కాదు. సొంతంగా వచ్చినవాడితో ‘ఎలా మానాలి’ అన్న దగ్గర మొదలుపెడతాం. మీ అబ్బాయిలాంటి వాడితో ‘ఈ ఆట వల్ల నీకు దక్కిందేమిటి, పోయిందేమిటి’ అని అతని నోటితోనే చెప్పించాలి. జబ్బన్న మాటే ఎత్తక్కర్లేదు.

అతను రాకపోయినా మీరిద్దరూ రావచ్చు. ఇది చాలామందికి తెలీదు. బెంగళూరు నిమ్హాన్స్‌లో వ్యసనాలకు ప్రత్యేక విభాగం ఉంది. ఫోను, ఆటల వ్యసనాలకని 2014లో షట్ క్లినిక్ కూడా పెట్టారు. నిమ్హాన్స్ ఉన్నది హోసూరు రోడ్డు మీదే, మీకు బస్సుకు కష్టం లేదు. బెంగళూరు వద్దనుకుంటే కృష్ణగిరి ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో అడగండి.

మూడోసారి అప్పు తీర్చకండి. తల్లిదండ్రులకు ఇది ఎంత కష్టమో నాకు తెలుసు, అయినా చెప్తున్నాను. మొత్తం ఒక్కసారి తీరిస్తే, మళ్ళీ అప్పు పుట్టే దారి తెరిచినట్టే. అప్పులవాళ్ళ పట్టిక అతని చేత్తోనే రాయించి, అతని జీతంలోంచే నెలనెలా కట్టించండి. ఇల్లు, తిండి, మీ ప్రేమ మాత్రం తగ్గించకండి. కందువడ్డీవాళ్ళు (అధిక వడ్డీకి అప్పిచ్చేవాళ్ళు) ఇంటిమీదికి వస్తే పోలీసులకు చెప్పండి. అధిక వడ్డీని నిషేధిస్తూ తమిళనాడులో 2003 నుంచి చట్టం ఉంది.

ప్రశ్న: చికిత్స తీసుకుని ఎనిమిది నెలలు ఆగాను. యాప్‌లు కూడా మూసేశారు, ఇక గండం గడిచిందనుకున్నాను. పోయిన వారం టీకొట్టు దగ్గర నంబరు లాటరీ రాశాను, మూడు రోజుల్లో తొమ్మిది వేలు పోయాయి. డాక్టరుకు మొహం చూపించలేను. నేనిక బాగుపడనా?

జవాబు: తమ్ముడూ, తమిళనాడు 2003లోనే లాటరీలను నిషేధించింది. ఆన్‌లైన్ జూదం మీద రాష్ట్ర చట్టం 2023లో అమలుకు వచ్చింది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. ఈ చట్టాలు రావడం మంచిదే, నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. అలవాటు కొద్దీ ఆడేవాళ్ళు కొందరు యాప్ పోగానే ఆగిపోయారు, నా కళ్ళతో చూశాను. లోపల వేరే కారణం ఉన్నవాళ్ళకు మాత్రం యాప్ పోతే టీకొట్టు దొరికింది.

మళ్ళీ జారడం ఈ జబ్బులో తరచూ జరిగేదే. ఎనిమిది నెలలు ఆగింది నిజం, ఆ తొమ్మిది వేలతో అది కొట్టుకుపోదు. మొదటిసారి మీకు చేసిన చికిత్సలో ఏదో ఒక ముడి విప్పకుండా మిగిలిపోయి ఉండొచ్చు. ఆ తప్పు మీ ఒక్కరిదే కాదు, వైద్యం చేసినవాళ్ళదీ కావచ్చు. టీకొట్టుకు వెళ్ళిన రోజు పొద్దున ఏం జరిగింది, ఎవరితో మాట పడ్డారు, జేబులో ఎంత ఉంది, రాత్రి నిద్రపోయారా లేదా, మరిచిపోకముందే ఒక కాగితం మీద రాసుకోండి. ఈ వారంలోనే మీ డాక్టరు దగ్గరికి వెళ్ళండి. పాస్‌బుక్కుతోపాటు ఆ కాగితం కూడా తీసుకెళ్ళండి.