ఇంజను కొనాలా, కిరాయికి తేవాలా

బాబూ, కాపురం పుదుచ్చేరి ముత్యాలపేటలో, సేద్యం బాహూరులో. అలా తిరుగుతూనే ముసలివాణ్నయ్యాను. మోటారు కొంటానంటున్నావు గనుక, చేతులు కాలిన సంగతులు నాలుగు చెబుతాను.

1. ధర అడిగే ముందు ఏడాదికి ఎన్ని గంటలు తిరుగుతుందో లెక్కవేసుకో.
నేను వేసుకోలేదు. మూడెకరాలకు 5 హెచ్.పి. ఆయిల్ ఇంజను కొన్నాను, మీ నాయనమ్మ గాజులు తాకట్టు పెట్టి. చెరువు నిండిన ఏడు సాంబ పంటకు కాలవ నీళ్లే చాలేవి. ఇంజను ఆ తర్వాతి నవరై పంటకు ఓ నెలన్నర తిరిగేది, మిగతా కాలమంతా గోనెపట్టా కిందే. గాజులు విడిపించడానికి మూడేళ్లు పట్టింది. అప్పటికి వేసుకునే చేయి చిక్కిపోయి, అవి నిలవలేదు.

2. కిరాయి ఇంజనుకు డబ్బుకన్నా వంతు దొరకడం కష్టం.
ఆ విసుగులో నా సొంత ఇంజనును పక్కచేను ఆసామికి అమ్మేసి, గంటల లెక్కన కిరాయికి తెచ్చుకోవడం మొదలుపెట్టాను. కొన్నేళ్లు నిజంగానే కలిసొచ్చింది. 2011 డిసెంబరు 30న థానే తుపాను వచ్చింది. స్తంభాలు కూలి రోజుల తరబడి కరెంటు లేదు. మోటార్లన్నీ మూగబోయాయి, ఊరందరికీ ఆయిల్ ఇంజన్లే దిక్కు. వాన వెలిశాక నా నవరై నారుమడి ఎండుమొహం పట్టింది. గట్టున నిలబడి చూస్తుంటే పక్కచేలో నేను అమ్మిన ఇంజనే కొట్టుకుంటోంది. ఆ చప్పుడు నాకు తెలుసు. అవసరం అందరికీ ఒకే వారంలో వస్తుంది బాబూ, కిరాయికిచ్చేవాడి దగ్గర ఇంజన్లు రెండో మూడో.

3. నీరు దిగిపోతే కొత్త మోటారూ పాతదే.
ఫ్రెంచివాళ్ల కాలంలో బాహూరు వైపు కొన్ని బోర్లలో నీళ్లు వాటంతటవే ఉబికేవి. నా మొదటి మోటారు నాటికి బావిలోకి వంగి చూడాల్సిన రోజులొచ్చాయి. గట్టుమీది మోటారు నీటిని పీల్చేది గాలి ఒత్తిడి ఆసరాతోనే. లెక్కకు 10 మీటర్లు, పనిలో ఏడు దాటితే ఆయాసమే. ఏటా దాన్ని బావిలో ఒక్కో మెట్టు కిందికి దించి, చివరికి పాత ఇనుము కింద అమ్మాను. సొంత నేలలో పాతిన పైపులకు మాత్రం ఇప్పటికీ చింత లేదు. అవి నీటి లోతుతో మారవు.

4. సబ్సిడీ చూసి కొన్నది సబ్సిడీ అంతే నిలుస్తుంది.
చిన్న, సన్నకారు రైతుకు డ్రిప్పుపై 55 శాతం సబ్సిడీ అనగానే, చెరకుకని వేయించాను. ఫిల్టరు కడగాలని చెప్పినవాళ్లున్నారు, విన్నది నేను కాదు. అదీగాక అందులో ఎకరం కౌలు నేల. రెండో ఏడే ఆ నేల ఆసామి దాన్ని తిరిగి తీసుకున్నాడు. చుట్టలు చుట్టిన లాటరల్ పైపులు మేడమీదే ఉన్నాయి. ఉడతలు కొరికినవి పోగా పనికొచ్చేవి ఏరి పట్టుకుపో.