గుండెకు తోడు

మనం నిద్రలో ఉన్నా, ఆటలో ఉన్నా గుండె తన పని మానదు. నిమిషానికి సుమారు 70 సార్లు కొట్టుకొంటుంది. గుండె పైభాగంలో పుట్టే చిన్న విద్యుత్ సంకేతం కిందికి పాకి, ప్రతిసారీ దాన్ని ముడుచుకొనేటట్లు చేస్తుంది. ఆ సంకేతం దారిలో ఆగిపోతే గుండె నెమ్మదిస్తుంది. రోగి స్పృహ తప్పుతాడు. ప్రాణమే పోవచ్చు.

1950ల నాటికి ఇటువంటి రోగుల కోసం బయటి నుంచి విద్యుత్తును అందించే యంత్రాలు వచ్చాయి. కాని అవి పెద్దవి. గోడకున్న ప్లగ్గులో తగిలించాలి. తీగ ఎంత పొడవుంటే రోగి అంత దూరమే నడవగలడు. కరెంటు పోతే ప్రాణాపాయం.

ఈ కష్టం తీర్చడానికి పాటుపడినవారిలో విల్సన్ గ్రేట్‌బ్యాచ్ ఒకడు. ఆయన 1919లో అమెరికాలోని బఫెలో నగరంలో పుట్టాడు. కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు చదివాడు.

1956లో ఆయన గుండె చప్పుళ్లను నమోదు చేసే పరికరాన్ని తయారుచేస్తున్నాడు. దానికి 10 వేల ఓమ్‌ల రెసిస్టరు కావాలి. దాని మీది రంగు గీతలను పొరపాటుగా చూసి 10 లక్షల ఓమ్‌లది బిగించాడు. పరికరం ఒక్కసారి స్పందించింది, ఒక సెకను ఊరకుంది, మళ్లీ స్పందించింది. మరొకరైతే తప్పు దిద్దుకొని ఊరుకొనేవారు. ఆయన మాత్రం దానివంకే చూస్తూ ఉండిపోయాడు. అది అచ్చంగా గుండె లయ!

1958లో ఆయన శస్త్రవైద్యుడు విలియం చార్డాక్‌ను కలిశాడు. ఆ పరికరాన్ని ఒక కుక్క గుండెకు కలపగా గుండె దాని లయనే అనుసరించింది. కాని శరీరంలోని తడి చేరి కొద్ది గంటల్లోనే అది పాడైంది. ఆ ఏడే స్వీడన్ వైద్యులు ఒక రోగికి అమర్చిన పరికరం కూడా కొన్ని గంటలకే ఆగిపోయింది.

గ్రేట్‌బ్యాచ్ ఉద్యోగం మానుకొన్నాడు. దాచుకొన్న 2,000 డాలర్లతో ఇంటి వెనుక కొట్టంలో పని సాగించాడు. భార్య ఎలినార్ సాయపడింది. 1960లో ఆయన పేస్‌మేకర్లను రోగులకు అమర్చారు. మెడ్‌ట్రానిక్ కంపెనీ వాటి తయారీ హక్కులు పొందింది.

అంతటితో ఆయన తృప్తిపడలేదు. అప్పటి బ్యాటరీ సుమారు రెండేళ్లకే అయిపోయేది. అప్పుడల్లా రోగికి మళ్లీ శస్త్రచికిత్స తప్పదు. 1970లో ఆయన సొంత కంపెనీ స్థాపించి, లిథియం-అయొడిన్ బ్యాటరీని పేస్‌మేకరుకు తగినట్లు తీర్చిదిద్దాడు. అది వాయువును వెలువరించదు కనుక, తడి చొరకుండా పూర్తిగా మూసివేయవచ్చు. 1972లో అది రోగుల శరీరంలోకి చేరింది. పేస్‌మేకరు ఆయుష్షు పదేళ్ల వరకు పెరిగింది.

2011లో, 92వ ఏట ఆయన కన్నుమూశాడు. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. అది ఏమి చెబుతున్నదో వినే ఓపిక కొందరికే ఉంటుంది.

పదాలు - అర్థాలు
లయ : సమాన వ్యవధిలో సాగే నడక
రెసిస్టరు : విద్యుత్ ప్రవాహాన్ని తగ్గించే చిన్న భాగం
కొట్టం : సామాను ఉంచుకొనే పాక

ప్రశ్నలు
1. పాత యంత్రాలతో రోగులకు ఏ ఇబ్బందులుండేవి?
2. కుక్కపై చేసిన ప్రయోగం ఎందుకు ఎక్కువసేపు నిలువలేదు?
3. కొత్త బ్యాటరీ వల్ల రోగికి కలిగిన మేలేమి?
4. మీ పొరపాటు మీకు నేర్పిన విషయాన్ని ఐదు వాక్యాల్లో రాయండి.